ప్రశ్నకు గీసే పొలిమేర

ఏటా శరదృతువు వచ్చేసరికి అమెరికన్ భూగోళ శాస్త్రవేత్తల సంఘం వార్షిక సదస్సు కోసం రాజకీయ భూగోళ శాస్త్ర పరిశోధకులు ఒకరికొకరు పంపుకునే ఆహ్వాన పత్రాలన్నీ ఇంచుమించు ఒకే తీరున ఉంటాయి. పైన ఒక శీర్షిక, దాని కింద ఆ విషయంపై ఇంతవరకు జరిగిన పరిశోధనను తలచుకునే రెండు మూడు పేరాలు, ఆ తరువాత చర్చకు రాదగిన అంశాల జాబితా, చివర 250 పదాలకు మించని సారాంశాన్ని ఫలానా తేదీలోగా పంపవలసిందన్న విజ్ఞప్తి, నిర్వాహకుల పేర్లు, వారి విశ్వవిద్యాలయాల పేర్లు. ఇలాంటి పత్రాలను ఎవరూ తీరికగా చదవరు. తమ పరిశోధన అందులో ఇముడుతుందా లేదా అన్నంతవరకు చూసి పక్కన పెడతారు. అయినా ఆ జాబితా దగ్గరికి వచ్చేసరికి ఒక ప్రశ్న వదలకుండా వెంటాడుతుంది. దేశాల మధ్య గీసిన గీతలను, గీసినవారి అధికారాన్ని, గీతకు అవతల మిగిలిపోయినవారి బతుకును జీవితకాలం పరిశీలించేవారు, తమ చర్చకు తామే ఒక గీత గీస్తున్నప్పుడు దానిని కూడా అంతే శ్రద్ధతో చూస్తున్నారా? ఫలానా అంశం జాబితాలో ఉండాలని, ఫలానాది ఉండనక్కరలేదని ఎవరు, ఎక్కడ కూర్చుని, ఎవరిని మనసులో పెట్టుకుని నిర్ణయించారు? ఒక పుట కాగితాన్ని ఇంతగా పరీక్షించడం న్యాయమేనా అన్న సందేహమూ కలగవచ్చు. కాని వేల మంది కూడే ఆ సదస్సులో ఏ గదిలో ఎవరు ఎవరితో మాట్లాడతారన్నది చాలావరకు ఆ ఒక్క పుటే తేల్చివేస్తుంది.

రాజకీయ భూగోళ శాస్త్రం పట్టించుకునేది అధికారం నేల మీద ఎలా నిలబడుతుందన్న సంగతిని. దేశ సరిహద్దు మొదలుకొని శాసనసభ నియోజకవర్గపు హద్దు దాకా, శరణార్థి శిబిరం కంచె మొదలుకొని వీధికి పెట్టిన పేరు దాకా, మనుషులను కలిపే, విడదీసే ఏర్పాట్లన్నీ దాని పరిధిలోకి వస్తాయి. ఆ శాస్త్రంలో ఒక సెషన్, అంటే ఒకే విషయం చుట్టూ నలుగురైదుగురు పత్రాలు సమర్పించే ఒక విడత సమావేశం, తయారయ్యే క్రమం పైకి సాదాసీదాగానే కనిపిస్తుంది. ప్రతిపాదించదలచినవారు ముందుగా ఆహ్వానం రాసి తెలిసినవారికి, పరిశోధక బృందాలకు పంపుతారు. వచ్చిన సారాంశాల్లో ఒకదానితో ఒకటి పొసగేవాటిని ఏరుకుంటారు. ఎంపికైనవారు ఎవరికి వారు రుసుము కట్టి, సారాంశాన్ని సంఘానికి సమర్పించి, తమకు వచ్చిన గుర్తింపు సంఖ్యను నిర్వాహకులకు తెలియజేస్తారు. ఆ సంఖ్యలన్నిటినీ ఒక శీర్షిక కింద చేర్చి నమోదు చేస్తే సెషన్ ఏర్పడుతుంది. దానికి ఒక అధ్యక్షుడు, వీలైతే పత్రాలన్నీ ముందే చదివి వచ్చి చివర వాటిని కలిపి వ్యాఖ్యానించే చర్చకుడు ఉంటారు. పత్రాల జోలి లేకుండా కొందరు వక్తలు ఒక ప్రశ్నపై సంభాషించే ప్యానెల్ అనే రూపమూ ఉంది. ఒకప్పుడు 100 నిమిషాలు సాగిన సెషన్ ఇటీవలి సదస్సుల్లో 80 నిమిషాలకు తగ్గింది గనుక, అయిదుగురు మాట్లాడి ప్రశ్నలకూ చోటివ్వాలంటే ఒక్కొక్కరికి పావుగంట దక్కడమే గొప్ప. ఏళ్ల తరబడి ఒక సరిహద్దు గ్రామంలో పోగుచేసిన సంగతులను పావుగంటలోకి కుదించేటప్పుడు ఏది వదలాలన్నది పత్రకర్త బాధ. ఎవరి పక్కన ఎవరిని నిలిపితే వదిలేసినది కూడా ఎంతో కొంత వినబడుతుందన్నది నిర్వాహకుల బాధ.

ఈ సంఘానికి ఒక ఉదారమైన సంప్రదాయం ఉంది: గడువులోగా నియమం ప్రకారం వచ్చిన సారాంశాలను యోగ్యత పేరుతో తిరస్కరించకుండా, దాదాపు అన్నిటికీ కార్యక్రమంలో చోటిస్తుంది; ఏ సెషన్‌లోనూ చేరని పత్రాలను సంఘమే దగ్గరి విషయాల వారీగా కూర్చి సమావేశాలు ఏర్పాటు చేస్తుంది. కాబట్టి లోపలికి రానివ్వని తలుపు ఇక్కడ లేదనే అనాలి. అయితే బంతిలో విస్తరి దొరకడం వేరు, వడ్డన సాగే వరుసలో దొరకడం వేరు. ఒక ప్రశ్నతో కట్టిన సెషన్‌లో పత్రం చదివేవారికి ఆ ప్రశ్న తెలిసిన శ్రోతలు, చదివి వచ్చిన చర్చకులు, ఆ తరువాత ఉమ్మడిగా వెలువడే పత్రికా సంచికలో చోటు, ఉద్యోగపు ఎంపికల్లో పనికొచ్చే పరిచయాలు లభిస్తాయి. ఎక్కడా ఇమడక మిగిలి సంఘం కూర్చిన గదికి చేరినవారికి అవి దొరికే అవకాశం తక్కువ. రాజకీయ భూగోళ శాస్త్ర ప్రత్యేక బృందం, అంటే సంఘంలోనే ఆ విషయంపై ఆసక్తి గలవారి ఉపసంఘం, కొన్ని సెషన్లకు తన పేరును ప్రాయోజకత్వంగా ఇస్తుంది. ప్రధాన సదస్సుకు ముందు విడిగా ఒక చిన్న సమావేశాన్ని కూడా నడుపుతుంది. ఇవన్నీ మంచి ఏర్పాట్లే, వీటి వెనుక ఎందరిదో జీతం లేని శ్రమ ఉంది. అయినా ఎంపిక జరుగుతూనే ఉంది. అది ద్వారం దగ్గర కాక ఆహ్వానం రాసే బల్ల దగ్గర జరుగుతోంది. నిరాకరణ ఉత్తరం ఎవరికీ అందదు గనుక, బయట మిగిలినవారి లెక్క కూడా ఎక్కడా ఉండదు.

ఒక గదిలో ఎవరు కూర్చున్నారన్నది ఆ గదిలో పుట్టిన ఆలోచనను ఎంత దూరం నడిపిస్తుందో తెలుసుకోవడానికి 1904 జనవరి 25న లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలో జరిగిన సమావేశాన్ని చూడవచ్చు. ఆనాడు హాల్ఫర్డ్ మాకిండర్ చదివిన పత్రం, యురేషియా ఖండాంతర్భాగాన్ని ప్రపంచ చరిత్రకు ఇరుసుగా చూపి, సముద్రశక్తి కాలం ముగిసి రైలుమార్గాలు పరచిన భూశక్తి కాలం వస్తున్నదని వాదించింది. ఇరవయ్యవ శతాబ్దమంతా రాజనీతిజ్ఞులు, సైనిక వ్యూహకర్తలు దానిని వల్లించారు. పత్రం తరువాత జరిగిన చర్చ కూడా సొసైటీ పత్రికలో అచ్చయింది. అందులో స్పెన్సర్ విల్కిన్సన్ సభలోని ఖాళీ కుర్చీలను చూసి, అక్కడ మంత్రివర్గ సభ్యులు కూర్చుని వినవలసిందని విచారపడ్డారు. లియో ఏమరీ, రైలు, ఓడలకు తోడు ఆకాశయానం కూడా రాబోతున్నదని, ఏ జాతికి పారిశ్రామిక బలమూ విజ్ఞానమూ ఉంటే ఆ జాతిదే గెలుపు గాని అది ఖండం నడుమ ఉన్నదా ద్వీపంలో ఉన్నదా అన్నది ముఖ్యం కాబోదని ఎదురువాదం చేశారు. రైట్ సోదరుల విమానం తొలిసారి ఎగిరి నెలన్నరైనా కాని రోజుల్లో అన్న మాట అది. చర్చకుడి స్థానం ఎంత విలువైనదో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కరలేదు: పత్రంలోని ప్రధాన వాదాన్ని అంగీకరించని ఒక గొంతు అదే గదిలో, అదే గంటలో వినబడింది గనుకనే ఆ పత్రాన్ని ఈనాడు చదివేవారికి దాని బలంతో పాటు దాని హద్దు కూడా కనిపిస్తుంది.

అదే చర్చను మరోసారి చదివితే మరొక సంగతి బయటపడుతుంది. మాట్లాడినవారిలో మరొకరైన సర్ థామస్ హోల్డిచ్ బ్రిటిష్ ఇండియా వాయవ్య సరిహద్దుల సర్వేలో జీవితం గడిపినవారు. ఏమరీ తరువాతి కాలంలో, 1940 నుంచి 1945 వరకు, అంటే క్విట్ ఇండియా అరెస్టులు, బెంగాల్ కరువు జరిగిన సంవత్సరాల్లో, భారత వ్యవహారాల మంత్రిగా లండన్ నుంచి ఈ దేశపు పాలనకు బాధ్యత వహించినవారు. విల్కిన్సన్‌కు మంత్రులు రాకపోవడం లోటుగా తోచింది. మాకిండర్ పటంలో ఇరుసుగా, దాని చుట్టూ నెలవంకగా చూపిన నేలల మనుషులు ఒక్కరూ మాట్లాడకపోవడం ఎవరికీ లోటుగా తోచినట్టు ఆ చర్చలో కనిపించదు. ఈనాటి విలువలతో ఆనాటివారిని తప్పుపట్టడం తేలిక, దానివల్ల ఒరిగేది కూడా తక్కువ. అడగవలసింది వేరొకటి: ఖాళీ కుర్చీ కనిపించాలన్నా అక్కడ ఎవరో ఒకరు కూర్చోవలసి ఉందన్న ఊహ ముందుగా ఉండాలి, ఈనాటి ఆహ్వానం రాసేవారి ఊహలో ఎవరి కుర్చీలు ఉన్నాయి, ఎవరి కుర్చీలు అసలు వేయనేలేదు?

ఈ శాస్త్రపు చరిత్రలో ఇలాంటి గదులు చాలా ఉన్నాయి. మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక ఐరోపా సరిహద్దులను తిరగరాసిన పారిస్ శాంతి సదస్సులో అమెరికా బృందానికి పటాలు సమకూర్చినవారిలో ప్రముఖులు ఐజయ్య బౌమన్. ఆయన డైరెక్టరుగా ఉన్న అమెరికన్ జియోగ్రాఫికల్ సొసైటీ భవనంలోనే ఆ సన్నాహక పరిశోధన సాగింది. 1922లో బ్రస్సెల్స్‌లో అంతర్జాతీయ భూగోళ సమాఖ్య ఏర్పడినప్పుడు, దానికి మాతృసంస్థగా ఉన్న అంతర్జాతీయ పరిశోధన మండలి యుద్ధంలో ఓడిన దేశాలకు సభ్యత్వం ఇవ్వలేదు గనుక, రాజకీయ భూగోళ శాస్త్రం పేరుతో 1897లో ఫ్రెడరిక్ రాట్జెల్ మహాగ్రంథాన్ని రాసిన జర్మనీయే ఆ సమాఖ్య ఆరంభంలో బయట ఉండిపోయింది. అలా బయట పెట్టడమే, బయట ఉన్నవారు తమలో తాము మాట్లాడుకుంటూ పెంచుకున్న భౌగోళిక రాజనీతి హిట్లర్ కాలపు విస్తరణ వాదానికి మాటలు అందించడానికి కారణమని అనడానికి లేదు, ఆ వ్యవహారం అంత సరళం కాదు. కాని ఎదురు ప్రశ్న వినబడని గదుల్లో ఒక శాస్త్రం ఎంత తేలికగా పక్కదారి పడుతుందో ఆ దశాబ్దాలు చూపాయి. రెండవ యుద్ధం తరువాత ఆ మచ్చకు భయపడి రాజకీయ భూగోళ శాస్త్రం తనను తాను కుదించుకుంది. పెద్ద ప్రశ్నలు వదిలి, రాజ్యం తన భూభాగాన్ని ఎలా కలిపి ఉంచుకుంటుందన్న పరిమిత విచారణకు అలవాటుపడింది. 1969 నాటికి బ్రయన్ బెర్రీ వంటి ప్రముఖుడు దానిని చావుబతుకుల్లో ఉన్న నిలవనీటి పాయగా చూసే స్థితి వచ్చింది.

విచిత్రమేమంటే, అదే 1969లో ఆ శాస్త్రానికి కొత్త ఊపిరి పోసిన కదలిక కూడా మొదలైంది. చికాగోలో జరగవలసిన ఆ ఏటి వార్షిక సదస్సును, అంతకుముందు సంవత్సరం డెమొక్రాటిక్ పార్టీ మహాసభ సందర్భంగా అక్కడి పోలీసులు నిరసనకారులపై జరిపిన దాడి కారణంగా, మిషిగన్‌లోని ఆన్ ఆర్బర్‌కు మార్చారు. ఆ వేసవిలోనే క్లార్క్ విశ్వవిద్యాలయంలో యాంటిపోడ్ అనే పత్రిక పుట్టి, పేదరికం, జాతి వివక్ష, యుద్ధం భూగోళ శాస్త్రానికి ఎందుకు పట్టవని అడిగింది. 1982లో రాజకీయ భూగోళ శాస్త్రానికే ప్రత్యేకంగా ఒక త్రైమాసిక పత్రిక పీటర్ టేలర్ సంపాదకత్వంలో మొదలైంది. 2001 నాటికి స్త్రీవాద భూగోళ శాస్త్రవేత్తలు, రాజ్యాల మధ్య ఎత్తుగడలనే చూసే చూపును కిందికి దించి, ఇల్లు, శరీరం, వలస వచ్చిన స్త్రీ భయం కూడా ప్రపంచ రాజకీయం జరిగే చోట్లేనని స్థాపించారు. ఈ మలుపులన్నిటినీ కలిపి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. ఆ శాస్త్రాన్ని నిలవనీటి నుంచి లాగినవి మెరుగైన జవాబులు కావు. అంతవరకు గదిలోకి రాని ప్రశ్నలను, వాటిని అడిగేవారిని లోపలికి రానిచ్చిన ఏర్పాట్లు. పత్రిక అలాంటి ఏర్పాటే, సెషన్ కూడా అలాంటిదే. మరి సెషన్‌ను ప్రతిపాదించే కాగితాన్ని కేవలం కార్యాలయపు వ్యవహారంగా చూడడం ఎంతవరకు సబబు?

జాన్ ఆగ్న్యూ 1994లో రాసిన ఒక వ్యాసంలో భూభాగపు ఉచ్చు అనే భావనను ముందుకు తెచ్చారు. రాజ్యాన్ని మార్పులేని సార్వభౌమ భూఖండంగా తీసుకోవడం, దేశం లోపలి వ్యవహారం వేరు వెలుపలి వ్యవహారం వేరు అని గిరి గీయడం, సమాజమంతా రాజ్యపు హద్దుల్లోనే ఒదిగి ఉంటుందని భావించడం అనే మూడు ఊహలు కలిసి ఆలోచనను బంధిస్తాయని ఆయన వాదం. ఈ వాదాన్ని ప్రస్తావించని రాజకీయ భూగోళ శాస్త్రవేత్త అరుదు. అయినా సెషన్లు కట్టేటప్పుడు ఆ ఉచ్చే మరో రూపంలో తిరిగి వస్తుంది. ఒక పత్రం తుర్కియే గురించి, ఒకటి కెన్యా గురించి, ఒకటి కొలంబియా గురించి, ఒకటి భారతదేశం గురించి ఉంటే ప్రపంచం మొత్తాన్ని చర్చించినట్టేనన్న తృప్తి కలుగుతుంది. కాని అలాంటి గదిలో సిద్ధాంతం ఉపోద్ఘాతంలో ముందే స్థిరపడి ఉంటుంది, దేశాలు దానికి సాక్ష్యం చెప్పడానికి ఒక్కొక్కటిగా వచ్చి పోతాయి. ఒక దేశపు అనుభవం మరొక దేశపు అనుభవాన్ని ప్రశ్నించే వీలు, రెండూ కలిసి ఆ ఉపోద్ఘాతాన్నే తిరగరాసే వీలు అక్కడ కలగదు. సారాంశం పంపే పరిశోధకులకు ఇది బాగా తెలుసు. అందుకే తమ నేలలో కనిపించిన కొత్త సంగతిని పక్కన పెట్టి, ఆహ్వానంలో ఉన్న పదజాలానికి సరిపోయే సంగతినే 250 పదాల్లో ముందుకు తెస్తారు. వారి మీద ఒత్తిడి తెచ్చినవారు ఎవరూ లేరు, అయినా ఒత్తిడి ఉంది.

దేశాల వారీగా పిలవడానికీ ఒక ప్రశ్నతో పిలవడానికీ మధ్య తేడా ఎంత లోతుగా ఉంటుందో ఒక తెలుగు ఉదాహరణతో చూస్తే స్పష్టమవుతుంది. 2023 నవంబర్ 30న, తెలంగాణ శాసనసభ ఎన్నికల పోలింగ్ రోజు తెల్లవారేసరికి, నాగార్జునసాగర్ ఆనకట్ట మీది 26 గేట్లలో సగం మేరకు ఆంధ్రప్రదేశ్ పోలీసులు తమ అధీనంలోకి తీసుకుని, 13వ గేటు దగ్గర ముళ్లకంచె వేశారు. కేంద్రం జోక్యంతో ఆ తరువాత కేంద్ర బలగాలు వచ్చాయి. దీని వెనుక 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు కేటాయించిన 811 టీఎంసీలు, 2014 జూన్ 2 విభజన, 2015లో తాత్కాలికంగా కుదిరిన 512, 299 టీఎంసీల పంపకం, నదీ యాజమాన్య బోర్డు, ఇంకా తేలని వాదాలు ఉన్నాయి. ఈ సంగతిని దక్షిణాసియా నదీజల వివాదాలు అనే శీర్షిక కింద రాష్ట్రానికొక పత్రం చొప్పున పిలవవచ్చు. అప్పుడు రెండు రాష్ట్రాలు, రెండు వాదనలు, ఒక ట్రిబ్యునల్ ఉన్న చక్కని సెషన్ తయారవుతుంది. కాని సాగర్ ఎడమ కాలువ తెలంగాణలో నల్లగొండ, ఖమ్మం ప్రాంతాల పొలాలను తడిపి ఆంధ్రప్రదేశ్‌లోని ఆయకట్టుకు కూడా చేరుతుంది. అంటే ఒకే కాలువ మీద పై రైతు ఒక రాష్ట్రంలో, చివరి భూముల రైతు మరొక రాష్ట్రంలో ఉన్నారు. గేట్లు తిప్పే లస్కర్ ఎవరి ఉత్తర్వు వినాలి? చివరి భూములకు నీరందనప్పుడు అడ్డు రాష్ట్రపు సరిహద్దా, లేక ఒకే రాష్ట్రంలో ఉన్నా మారని ఎగువ దిగువ తేడాయా? ఈ ప్రశ్నలతో ఆహ్వానం రాస్తే వచ్చే పత్రాలు వేరు, పత్రకర్తలు కూడా వేరు. ఇంజనీర్లు, నీటి సంఘాలతో పనిచేసినవారు, కాలువ వెంట ఊళ్లు తిరిగినవారు రాస్తారు. ఆ 13వ గేటు దగ్గర సార్వభౌమత్వం గురించి దొరికే సంగతి సిద్ధాంతానికి వట్టి ఉదాహరణగా మిగలకుండా సిద్ధాంతాన్నే సవరించగలదు.

ఆహ్వానం పలుకు మారితే సరిపోతుందా అంటే, సరిపోదు. సదస్సు జరిగే ఊరు కూడా ఒక గీతే. 2017 ఏప్రిల్ మొదటి వారంలో బోస్టన్‌లో జరిగిన వార్షిక సదస్సుకు సెషన్లు అంతకు నెలల ముందే కుదిరాయి. జనవరి 27న ఏడు దేశాల పౌరుల ప్రవేశాన్ని ఆపుతూ అమెరికా అధ్యక్షుని ఉత్తర్వు వెలువడేసరికి, ఇరాన్, సిరియా, సూడాన్ వంటి దేశాల పరిశోధకుల పేర్లు కార్యక్రమంలో ఉండగానే వారి రాక అనుమానంలో పడింది. న్యాయస్థానాలు ఆ ఉత్తర్వును నిలిపివేసినా, దేశం దాటి వెళ్తే తిరిగి రానిస్తారో లేదోనన్న భయం పోలేదు. రానివారికి తోడుగా కొందరు సదస్సును మానుకున్నారు, కొందరు వెళ్లి ఆ అన్యాయం గురించే మాట్లాడారు. ఏది సరైనదన్న వాదన తేలేది కాదు, బహుశా రెండూ అవసరమే. 2024లో సదస్సు హొనొలులులో జరిగింది. 1893లో అక్కడి రాణిని గద్దె దింపిన తరువాత 1898లో అమెరికా కలుపుకున్న నేలపై, మావీ దీవిలోని లహైనా పట్టణం మంటల్లో కాలిపోయి ఏడాది తిరగకముందే, వేల మంది విమానాల్లో దిగి సామ్రాజ్యవాదం గురించి చర్చించడం ఏ విధమైన బాధ్యతను కోరుతుందన్న ప్రశ్నను తప్పించుకోవడం కష్టం.

2025లో సదస్సు డెట్రాయిట్‌కు వెళ్లినప్పుడు ఆ నగరంలో అర్ధశతాబ్దం కిందట జరిగిన ఒక ప్రయత్నం గుర్తుకు రావడం సహజం. విలియం బంగీ అనే భూగోళ శాస్త్రవేత్త, గ్వెండొలిన్ వారెన్ అనే నల్లజాతి యువతి కలిసి అక్కడ నడిపిన భౌగోళిక పరిశోధన యాత్ర, విశ్వవిద్యాలయపు విద్యను ఆ వాడల యువతకు చేర్చి, వారి చేతనే వారి వాడల పటాలు గీయించింది. వాటిలో ఒకటి, శివార్ల నుంచి నగర కేంద్రానికి ఉద్యోగాలకు వెళ్లివచ్చే తెల్లజాతివారి కార్ల కింద నల్లజాతి పిల్లలు పడిన చోట్లను చూపుతుంది. గీతల మీద నల్లటి చుక్కలు తప్ప ఆ పటంలో అలంకారం ఏదీ లేదు. రోడ్డు ప్రమాదాలుగా పోలీసు రికార్డుల్లో విడివిడిగా పడి ఉన్న మరణాలను ఒకే దారి పొడవునా పేర్చి చూపేసరికి, ఎవరి ప్రయాణం కోసం ఎవరి వీధి తెరిచారన్న ప్రశ్న తనంతట తానే లేచి నిలుస్తుంది. ఆ ప్రశ్న ఏ ఆహ్వాన పత్రంలోని జాబితా నుంచీ రాలేదు, ఆ వీధిలో బతికినవారి నుంచి వచ్చింది. అలాంటి మనిషి ఈనాడు సారాంశం పంపితే, రుసుము కట్టగలిగితే, ఆ పత్రం ఏ సెషన్‌లో ఇముడుతుందని నిర్వాహకులు భావిస్తారు?

తెలుగు నేల నుంచి ఆ గదికి వెళ్లదలచినవారికి అడ్డంకులు మరింత మామూలువి, అందువల్లే కంటికి ఆననివి. హైదరాబాద్‌లో 2008లో బేగంపేటలోని పైగా ప్యాలెస్‌లో మొదలై 2023లో నానక్‌రామ్‌గూడకు మారిన అమెరికా కాన్సులేట్ ముందు వరుసలో నిలబడేవారిలో అధికభాగం ఉన్నత చదువులకో, ఉద్యోగాలకో, పిల్లల దగ్గరికో వెళ్లేవారు. సదస్సులో పావుగంట మాట్లాడడానికి వెళ్లే పరిశోధక విద్యార్థికీ అదే వరుస. 2022లో భారతదేశంలోని కొన్ని కాన్సులేట్లలో తొలిసారి సందర్శక వీసా కోరేవారి ఇంటర్వ్యూ నిరీక్షణ రెండేళ్లు దాటింది. శరదృతువులో ఆహ్వానం, వసంతంలో సదస్సు అనే క్యాలెండర్ ఆ నిరీక్షణ ముందు అర్థం కోల్పోతుంది. కాగితం మీద తలుపు తెరిచే ఉన్నా కాలం దానిని మూసివేస్తుంది. కోవిడ్ కారణంగా 2021 సదస్సు పూర్తిగా ఆన్‌లైన్‌లో జరిగినప్పుడు ఈ దూరం తగ్గినట్టే అనిపించింది. అయితే పసిఫిక్ తీరపు కాలమానంలో సాయంత్రం 4 గంటలకు పెట్టిన సెషన్ ఏప్రిల్ నెలలో భారతదేశంలో మర్నాడు తెల్లవారుజామున 4.30కి మొదలవుతుంది. అయినా అలారం పెట్టుకుని లేచి మాట్లాడినవారు ఎందరో ఉంటారు. వారి కోసం వేళ మార్చవచ్చునన్న ఆలోచన ప్రతిపాదన రాసేనాడే రావాలి, ఆ తరువాత వచ్చి ఫలం లేదు.

ఇంతదాకా వచ్చాక ఒక సందేహాన్ని నిజాయితీగా ఎదుర్కోక తప్పదు. గీతలన్నీ చెరిపివేసి, ఎవరు ఏది పంపినా చేర్చుకునే సెషన్ మంచిదవుతుందా? అలాంటి గదుల అనుభవం సదస్సులకు వెళ్లేవారందరికీ ఉన్నదే: అయిదు పత్రాలు అయిదు దిక్కులకు పోతాయి, ప్రశ్నల వేళకు ప్రతి శ్రోతా ఒకే వక్తను అడుగుతాడు, మిగిలిన నలుగురు మర్యాదగా కూర్చుంటారు. హద్దు లేని చోట సంభాషణ కూడా లేదు. చర్చకు గీత అవసరమే, ఎంపిక అనివార్యమే, ఆ బాధ్యతను ఎవరో ఒకరు భుజాన వేసుకోవలసిందే. రాజకీయ భూగోళ శాస్త్రం తన శతాబ్దపు అనుభవంతో చెబుతున్నది గీతలు ఉండకూడదని కాదు. ప్రతి గీతకూ గీసినవారు ఉంటారని, వారు ఆ గీత దగ్గర నిలబడి అవతలివారికి సమాధానం చెప్పగలగాలని. సెషన్ ప్రతిపాదనకు కూడా ఇదే కొలత వర్తిస్తుంది. ఏది చేర్చారన్నదానితో పాటు ఏది ఎందుకు వదిలారో ఒక వాక్యంలో చెప్పగలిగిన ఆహ్వానం, అన్నిటినీ చేర్చినట్టు కనిపించే ఆహ్వానం కంటే గౌరవనీయమైనది.

అటువంటి ప్రతిపాదన రాయడం కష్టసాధ్యమేమీ కాదు. విషయం పేరుతో మొదలుపెట్టకుండా, నిర్వాహకులకు జవాబు తెలియని ఒక ప్రశ్నతో మొదలుపెట్టవచ్చు. అంశాల జాబితా ఇవ్వవలసి వస్తే, అది ఏ దేశాల పరిశోధనల నుంచి పుట్టిందో చెప్పవచ్చు. సిద్ధాంతపు పారిభాషిక పదాలను బయటివారికి కూడా అర్థమయ్యేలా విప్పి రాయవచ్చు. చర్చకులుగా ఆ శాస్త్రంలో పేరున్నవారినే కాక, చర్చకు వస్తున్న నేలను ఎరిగినవారిని, ఉపోద్ఘాతంతో ఏకీభవించనివారిని పిలవవచ్చు. అయిదు స్థానాల్లో ఒకదాన్ని పరిచయస్థుల వలయానికి వెలుపలివారి కోసం చివరి వరకు ఖాళీగా ఉంచవచ్చు. ప్రయాణం కుదరనివారు ఏ విధంగా పాల్గొనవచ్చో, ఏ వేళ ఎవరికి అనువో మొదటి పుటలోనే ప్రకటించవచ్చు. వీటిలో ఏదీ సంఘపు నియమాలు మారేదాకా ఆగవలసినది కాదు. కొన్నిటిని పాటిస్తున్న నిర్వాహకులు ఇప్పటికే ఉన్నారు, వారి సెషన్లలోనే పరిశోధక విద్యార్థులు ధైర్యంగా నోరు విప్పుతారు.

ఈ విచారణ అమెరికా సదస్సుకు పరిమితమైనదని తలచడానికి కూడా వీలులేదు. తెలుగు రాష్ట్రాల విశ్వవిద్యాలయాల్లో జాతీయ సదస్సుల కరపత్రాలు ఇదే పద్ధతిలో, కొన్నిసార్లు ఇరవై ఉపశీర్షికల జాబితాతో వెలువడతాయి. ఆ జాబితాల్లో చాలావరకు వేరే చోట, వేరే భాషలో రూపుదిద్దుకున్న ప్రశ్నలే కనిపిస్తాయి. 1953లో, 1956లో, 2014లో, ఒకే జీవితకాలంలో మూడుసార్లు రాష్ట్రపు హద్దులు మారడాన్ని చూసిన మనుషులు ఇంకా ఈ నేల మీద ఉన్నారు. విభజన సందర్భంగా ఖమ్మం జిల్లా నుంచి పోలవరం కోసం ఆంధ్రప్రదేశ్‌లో కలిసిన ఏడు మండలాల ప్రజలు ఒక చట్టంతో తమ రాష్ట్రమే మారడాన్ని చూశారు. హద్దు మారితే రేషన్ కార్డు, భూమి పత్రం, పిల్లల స్థానికత ఏమవుతాయో వారికి తెలిసినంత నిర్దిష్టంగా మరెవరికీ తెలియదు. వారి మధ్య పనిచేసే ఉపాధ్యాయులు, విలేకరులు, రెవెన్యూ సిబ్బంది తెలుగులోనే పత్రం రాసి సమర్పించగల సెషన్‌ను ఇక్కడి భూగోళ శాస్త్ర శాఖ ఏదైనా ప్రతిపాదిస్తే, రాజ్యం, హద్దు, పౌరుడు అనే పెద్ద మాటలకు కొత్త పరీక్ష ఎదురవుతుంది. ఆ పరీక్షలో తేలిన ప్రశ్నలను పట్టుకుని ఇక్కడి పరిశోధకులు డెట్రాయిట్‌కో పారిస్‌కో వెళ్లిననాడు, పరాయివారు రాసిన ఆహ్వానానికి సరిపడే సారాంశం కోసం వెతుక్కోవలసిన అవసరం ఉండదు. ఆహ్వానం తామే రాయగలుగుతారు, ఇతరులను తమ ప్రశ్న దగ్గరికి పిలవగలుగుతారు.